సలేశ్వరం దారిలో గేటు దగ్గర ఆపేశారా? కారణం ఇదీ

మ్యాప్‌లో బాట కనిపించినా మిమ్మల్ని శ్రీశైలం రోడ్డు మీది ఫరహాబాద్ అటవీ గేటు నుంచి వెనక్కి పంపడానికి కారణం ఒక్కటే. సలేశ్వరం నల్లమల అడవిలో లోయలో, జలపాతం దగ్గరున్న శివక్షేత్రం. దాని బాట అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల ఉంది. ఏడాదిలో చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లోనే జనాన్ని వదులుతారు. మామూలు ఆదివారం ఎంత బతిమాలినా లాభం లేదు, అది సిబ్బంది తప్పూ కాదు.

చాలామంది మరిచేది తేదీ చూసుకోవడం. జాతర తిథిని బట్టి వస్తుంది కాబట్టి పోయినేడు తేదీ పనికిరాదు. పంచాంగంలో పౌర్ణమి చూస్తే సగం పనే అయినట్టు. ఎన్ని రోజులు, ఏ వేళల్లో వదులుతారో అటవీ శాఖ ప్రతి ఏడూ విడిగా చెబుతుంది. మన్ననూరు చెక్‌పోస్టులో అడిగి, ఆ తర్వాతే బండి మాట్లాడుకోండి.

జాతరకు వెళ్తే:

1. తెల్లవారుజామునే నడక మొదలుపెట్టండి. అది ఎండాకాలం. లోయలోకి దిగేటప్పుడు తేలిగ్గానే ఉంటుంది, అసలు కష్టమంతా తిరిగి ఎక్కేటప్పుడే. నీళ్లలో సగం దానికే దాచండి.
2. పట్టున్న బూట్లు వేసుకోండి. గుండం (జలపాతం కింది మడుగు) దగ్గర రాళ్లు జారతాయి.
3. ప్లాస్టిక్ వద్దు. దయచేసి ఇది పాటించండి, ఆ నీళ్లే జంతువులూ తాగుతాయి.
4. శ్రీశైలం రోడ్డు అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. ఆలోపే బయటపడాలి.

అప్పటిదాకా ఆగలేకపోతే అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం కొండకు వెళ్లండి. దానికి జాతర కోసం ఆగక్కర్లేదు.