స్టెమ్ సెల్ అన్న పేరు చూసి ఫీజు కట్టకండి

ప్రశ్న: మా పాప బీఎస్సీ బయోకెమిస్ట్రీ ఫైనలియర్. నీట్ రెండుసార్లు రాసినా సీటు రాలేదు. ఇప్పుడు కంటి స్టెమ్ సెల్స్ మీద పనిచేస్తానంటోంది. ఒక ప్రైవేటు కాలేజీలో స్టెమ్ సెల్ ఎమ్మెస్సీకి నాలుగు లక్షలు అడుగుతున్నారు. అది మేలా, మామూలు బయోకెమిస్ట్రీనా? ఎప్పటికి సెటిలవుతుంది?
- ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించాం. అసలు ఉత్తరంలో 'సీటు రాలేదు' అని నాలుగుచోట్ల ఉంది. చుట్టాలకు ఏం చెప్పాలన్నదే మీ బెంగ. దాన్ని పిల్ల నెత్తిన పెట్టకండి.

నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచు లింబస్. నల్లగుడ్డు పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా తయారుచేసే మూలకణాలు (స్టెమ్ సెల్స్) అక్కడుంటాయి. కంట్లో సున్నం పడి అవి కాలిపోతే, రక్తనాళాలు పాకి చూపు మసకేస్తుంది. ఇదివరకు మంచి కంటి నుంచి చిన్న ముక్క తీసి, ల్యాబ్‌లో రోజుల తరబడి పెంచి అతికించేవారు. మన బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ సంస్థ వైద్యులు 2012లో ప్రకటించిన స్లెట్ పద్ధతికి ఆ ల్యాబే అక్కర్లేదు. రెండు మిల్లీమీటర్ల ముక్కను థియేటర్లోనే చిన్నచిన్న తునకలు చేసి, కంటి మీద పరిచిన ఉమ్మనీటి సంచి పొరపై జిగురుతో అంటిస్తారు. కణాలు కంటి మీదే పెరుగుతాయి. అంటే ఈ కంటి స్టెమ్ సెల్ వైద్యం ముందుకెళ్లేకొద్దీ ల్యాబ్‌లో కణాలు పెంచే పని తగ్గింది. బ్రోచర్లో ఈ ముక్క ఉండదు లెండి.

బయోకెమిస్ట్రీ అలా పాతబడదు. కంటి కటకంలోని క్రిస్టలిన్ ప్రోటీన్లు ఎందుకు గడ్డకట్టి శుక్లం అవుతాయో ఏళ్ల తరబడి వెతికిన డి. బాలసుబ్రమణియన్ గారు హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీకి డైరెక్టరుగా చేసి, తర్వాత ఎల్వీ ప్రసాద్‌లో పరిశోధన నడిపారు. ఆయన ఎంబీబీఎస్ కాదు, కెమిస్ట్రీ మనిషి.

కాబట్టి ఉస్మానియాలోనో, హెచ్‌సీయూలోనో బయోకెమిస్ట్రీ సీటు కోసం ప్రయత్నించమనండి. తర్వాత పీహెచ్‌డీ ఐదేళ్లు పట్టొచ్చు, దాచను. కానీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. మీ జేబులోంచి తీయక్కర్లేదు. ఇరవై ఎనిమిదేళ్లకు సొంతంగా ఆలోచించే సైంటిస్టు కావడం ఆలస్యమేం కాదు, టెన్షన్ పడకండి.

మీ పాపకు మాత్రం ఒక మాట: కల్చర్ చేసేవాళ్లకు, అంటే ల్యాబ్‌లో కణాలు పెంచేవాళ్లకు ఆదివారం ఉండదు. కణాలు పెరిగే పోషక ద్రవం (మీడియా) మార్చాల్సిన రోజు మార్చాల్సిందే. ఒక్క ఫంగస్ మరక కనిపిస్తే నెల పని చెత్తబుట్టకే. ఆ విసుగు ఓర్చుకోగలదో లేదో ఒక వేసవి ప్రాజెక్టులో తేలిపోతుంది.

అన్నట్టు, ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి.