ముప్ఫై మంది శాకాహారులకు జుకినితో ఇటాలియన్ స్టార్టర్లు: నీరు కారకుండా, ముందురోజే సగం పని అయ్యేలా

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: ముప్ఫై మంది వస్తున్నారు, అందరూ శాకాహారులు, కొందరు గుడ్డు కూడా ముట్టరు, భోజనానికి ముందు జుకినితో (దోసకాయలా కనిపించే గుమ్మడి జాతి కూరగాయ) ఇటాలియన్ పద్ధతిలో ఏవైనా పెట్టాలి. ఇంతకుముందు మీరు జుకిని చక్రాల మీద టొమాటో సాస్, చీజ్ వేసి ఓవెన్‌లో పెడితే ట్రే అంతా నీళ్లయింది. ఇంట్లో విందు ఉంటే నేను ఈ కూరగాయనే ఎక్కువగా ఎంచుకుంటాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ నీళ్ల సంగతి. జుకినిలో దాదాపు 95 శాతం నీరే. పచ్చి చక్రం మీద సాస్, చీజ్ పరిస్తే వేడికి లోపలి తేమ పైకి పోయే దారి మూసుకుపోతుంది, అదంతా అడుగున చేరుతుంది. ఆ వంటకమే కావాలంటే ఒక సెంటీమీటరు మందంతో కోసి, ఏమీ వేయకుండా జాలీ మీద పేర్చి 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది పన్నెండు నిమిషాలు కాల్చండి. ఆ తర్వాతే బాగా దగ్గరగా ఉడికించిన సాస్, చీజ్ వేసి మరో ఐదు నిమిషాలు ఉంచండి. అయినా పెద్ద విందుకు దీన్ని నేను ఎంచుకోను. చల్లారితే చీజ్ గట్టిపడుతుంది, వేడిగా పెట్టాలంటే మీరు ఓవెన్ దగ్గరి నుంచి కదలలేరు.

నా అభిప్రాయంలో ఇంతమందికి వేడి పదార్థం ఒక్కటే ఉండాలి. మిగిలినవి చల్లారాక కూడా రుచి తగ్గనివి కావాలి. ఇటలీలో భోజనానికి ముందు పెట్టే కూరగాయల వంటకాల్లో ఇలాంటివి చాలానే ఉన్నాయి.

వాటిలో మొదట చెప్పవలసింది నేపుల్స్ వాళ్ల స్కాపేచే, అంటే వేయించి వెనిగర్‌లో నానబెట్టే వంటకం. జుకినిని మూడు నాలుగు మిల్లీమీటర్ల చక్రాలుగా కోసి, ఉప్పు చల్లి అరగంట జల్లెడలో ఉంచి, గుడ్డతో శుభ్రంగా అద్ది, ఆలివ్ నూనెలో కొద్దికొద్దిగా వేయించాలి. సంప్రదాయంగా వేయించే ముందు ముక్కలను ఎండలో ఆరబెడతారు. ఎండ బాగా ఉంటే మీరూ అలాగే చేయండి, నూనె తక్కువ పీలుస్తుంది, రంగు చక్కగా వస్తుంది. లేత పసుపు దగ్గర ఆపకండి, అంచులు గోధుమ రంగుకు తిరగాలి, అక్కడే దీని రుచి ఉంది. వేయించిన ముక్కలను గిన్నెలో పొరలుగా పరుస్తూ పొరపొరకూ పుదీనా ఆకులు, సన్నగా తరిగిన వెల్లుల్లి, కొంచెం ఉప్పు, వైట్ వైన్ వెనిగర్ చల్లాలి. కిలో జుకినికి నాలుగైదు టేబుల్ స్పూన్ల వెనిగర్ సరిపోతుంది. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు తినాలి. చేసిన వెంటనే రుచి చూస్తే వెనిగర్ ఒక్కటే నాలుకకు తగులుతుంది, రాత్రంతా నానితే పులుపు, పుదీనా వాసన, వేపుడు కమ్మదనం ఒకటిగా కలుస్తాయి. వడ్డించడానికి అరగంట ముందు బయటపెట్టి, కాల్చిన బ్రెడ్డు ముక్కల మీద కొన్నేసి చక్రాలు కుప్పగా పెట్టండి. కిలో జుకిని వేయిస్తే చేతికి వచ్చేది చూసి ఆశ్చర్యపోతారు, అంతగా తగ్గుతుంది. అరవై బ్రెడ్డు ముక్కలకు కనీసం రెండు కిలోలు తీసుకోండి.

రెండవది ఇన్వోల్తీని, అంటే చుట్టలు. జుకినిని పొడవుగా మూడు మిల్లీమీటర్ల పట్టీలుగా కోయాలి. మాండలిన్ (పలచగా కోసే బ్లేడు పలక) ఉంటే పని తేలిక, లేదంటే పదునైన కత్తితో నిదానంగా కోయండి. ఈ పట్టీలకు ముందుగా ఉప్పు వేయకపోవడమే నాకు నచ్చిన పద్ధతి. గ్రిల్ పెనం బాగా కాలితే తేమను ఆ వేడే లాగేస్తుంది. పట్టీలకు నూనె పలచగా రాసి ఒక్కోవైపు రెండు నిమిషాలు కాల్చండి, గీతలు పడాలి కానీ పట్టీ చిరిగేంత మెత్తబడకూడదు. కాల్చినవాటిని వేడిమీద ఒకదానిపై ఒకటి పేర్చవద్దు. ఆవిరి మళ్లీ నీరై చుట్టలన్నీ తడిసిపోతాయి. విడివిడిగా పరిచి పూర్తిగా చల్లారనివ్వండి.

లోపల పెట్టడానికి రికోటా అనే మెత్తని చీజ్. దాన్ని పలచని గుడ్డలో వేసి జల్లెడ మీద పెట్టి కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే నీరు దిగిపోతుంది. అందులో నిమ్మ తొక్క తురుము, మిరియాల పొడి, తరిగిన తులసి జాతి బేసిల్, ఎండబెట్టిన టొమాటో ముక్కలు, దోరగా వేయించిన పైన్ గింజలు కలపండి. ఉప్పు చివర్లో, చుట్టే ముందు వేయండి, ముందే వేస్తే రికోటా మళ్లీ నీరు వదులుతుంది. పట్టీకి ఒక టీ స్పూను చొప్పున పెట్టి చుట్టి, కలిసే అంచు కిందికి వచ్చేలా ట్రేలో ఉంచితే టూత్‌పిక్ అవసరమే ఉండదు. మధ్యస్థంగా ఉన్న ఒక్కో జుకిని నుంచి ఆరు నుంచి ఎనిమిది మంచి పట్టీలు వస్తాయి. అరవై చుట్టలకు తొమ్మిది పది కాయలు, అరకిలోకు కొంచెం తక్కువ రికోటా పడతాయి. విందు రోజు ఉదయం చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, బయట మాత్రం రెండు గంటలకు మించి ఉంచకండి.

ఇక్కడ చీజ్ గురించి ఒక మాట తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే శాకాహార విందుల్లో చాలామంది గమనించని విషయం ఇది. అసలైన పార్మిజానో రెజ్జానో శాకాహారం కాదు. పాలను విరవడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్ వాడాలని దాని తయారీ నియమాల్లోనే ఉంది. గ్రానా పదానోలో కూడా జంతు రెనెట్ ఉంటుంది, పెకోరినో రొమానోకు గొర్రెపిల్ల రెనెట్ వాడతారు. సీసాల్లో అమ్మే పెస్టోలో (బేసిల్‌తో చేసే పచ్చడి లాంటిది) తరచూ ఈ చీజ్‌లే ఉంటాయి. రికోటాను వేరే చీజ్ చేయగా మిగిలిన విరుగుడు నీటితో చేస్తారు కనుక అందులోనూ ఆ జాడ ఉండవచ్చు. మైక్రోబియల్ రెనెట్ (సూక్ష్మజీవుల నుంచి చేసినది) అని గానీ, శాకాహారులకు తగినదని గానీ పొట్లం మీద రాసి ఉన్నదే కొనండి. నిష్ఠగా ఉండే అతిథి మనల్ని నమ్మి తింటారు, ఆ నమ్మకాన్ని మనం కాపాడాలి.

నేనైతే రికోటా బదులు ఇంట్లోనే పాలు విరుస్తాను. రెండు లీటర్ల చిక్కని పాలను పొంగుకు ముందు దశ వరకు, సుమారు 90 డిగ్రీలకు వేడిచేసి, మంట ఆపి, నాలుగైదు టేబుల్ స్పూన్ల నిమ్మరసం పోసి నెమ్మదిగా కలిపి పది నిమిషాలు వదిలేయాలి. గుడ్డలో వడకట్టి, గట్టిగా పిండకుండా మెత్తగా ఉండగానే తీసేయండి. ఇది అసలు రికోటా కాదు, కానీ చుట్టల్లో చక్కగా ఒదుగుతుంది. పైన తురిమే పాత చీజ్ బదులు బ్రెడ్డు పొడిని వెల్లుల్లి వేసిన ఆలివ్ నూనెలో ఎర్రగా వేయించి చల్లండి. దక్షిణ ఇటలీలో చీజ్‌కు బదులు ఇలా వాడటం పాత అలవాటే. ఆ కరకర చుట్టలకు బాగా నప్పుతుంది, తినే వేళకు చల్లితేనే సుమా.

ఇక వేడిది. జుకిని పూలు దొరికితే మరో ఆలోచన వద్దు. రోమ్‌లో వీటిలో మొజరెల్లాతో పాటు ఆంకోవీ అనే చేప పెట్టి వేయిస్తారు. మనం చేప మానేసి, ఆ ఉప్పదనం కోసం కేపర్లు (ఉప్పులో ఊరవేసిన చిన్న పూమొగ్గలు) గానీ, ఒక నల్ల ఆలివ్ ముక్క గానీ పెడదాం. పూలు ఒక్కరోజులోనే వాడిపోతాయి కనుక ఆ రోజు కోసినవే కావాలి. లోపలి కేసరం తీసేసి, తడి లేకుండా తుడిచిన సన్నని మొజరెల్లా ముక్క పెట్టి, రేకుల కొసలు మెలితిప్పాలి. పిండిలో గుడ్డు అక్కరలేదు: 100 గ్రాముల మైదాలో బాగా చల్లని సోడా నీరు సుమారు 150 మిల్లీలీటర్లు పోసి రెండు తిప్పులు తిప్పండి, చిన్న ఉండలు మిగిలినా పరవాలేదు. 180 డిగ్రీల నూనెలో రెండు మూడు నిమిషాలు చాలు. పూలు లేకపోతే జుకినినే వేలంత ముక్కలుగా కోసి, గింజల భాగం తీసేసి, ఇదే పిండిలో ముంచి వేయించండి. వీటిని వేయించి దాచలేం, అతిథులు వచ్చాకే నూనె పెట్టాలి. అందుకే మనిషికి ఒకటి చొప్పున, మొత్తం ముప్ఫై చాలు. తర్వాత భోజనం ఉంది కనుక పై రెండింటితో కలిపి మనిషికి ఐదు ముక్కలవుతాయి, అంతకన్నా ఎక్కువ వద్దు.

గుడ్డు తినేవాళ్ల కోసం జుకిని ఫ్రిటాటా (మందపాటి ఇటాలియన్ ఆమ్లెట్) చేసి చిన్న చదరాలుగా కోసి పెట్టవచ్చు, చల్లగా కూడా బాగుంటుంది. కాకపోతే వేరే పళ్లెంలో పెట్టి, పక్కన చీటీ ఉంచండి.

కాయలు కొనేటప్పుడు పదిహేను నుంచి పద్దెనిమిది సెంటీమీటర్ల పొడవు, 150 నుంచి 200 గ్రాముల బరువు ఉన్నవి ఏరుకోండి. తొక్క మెరుస్తూ ఉండాలి, నొక్కితే గట్టిగా తగలాలి. పెద్దవి చూపుకు బాగుంటాయి కానీ లోపల దూదిలా ఉండి, గింజలు ముదిరి ఉంటాయి. కోసేటప్పుడు ప్రతి కాయ నుంచీ చిన్న పచ్చి ముక్క రుచి చూడండి. బాగా చేదుగా ఉంటే ఆ కాయ మొత్తం పారేయండి. ఆ చేదుకు కారణమైన కుకుర్బిటాసిన్‌లు వండినా పోవు, కడుపును బాగా ఇబ్బంది పెడతాయి. అరుదే, కానీ ఒక్క చేదు కాయ గిన్నెడు స్కాపేచేను పాడుచేస్తుంది. పైన్ గింజల విషయంలో, ఎవరికైనా గింజలు పడవేమో ముందే కనుక్కోండి. అవి లేకపోయినా చుట్టల రుచికి లోటేమీ రాదు.