స్వరాల సందేహాలు: ఒక్క ట్యూనుతో ఎంత దూరం?

ప్రశ్న: మేడం, నేను కీబోర్డు వాయిస్తాను. ట్యూన్లు బాగానే తడతాయి. ఫోన్లో రికార్డు చేసి పెట్టుకున్నవే 20 దాటాయి. కానీ ఒక్కటీ అర నిమిషం దాటి ముందుకు కదలదు. పాటకైతే పల్లవి, చరణం ఉంటాయి, కథ నడిపించడానికి మాటలుంటాయి. మాటల్లేని సంగీతంలో తర్వాత ఏం రావాలో ఎలా తెలుస్తుంది? నా ట్యూన్లలో నాలుగైదు కలిపి ఒకటిగా చేస్తే సరిపోతుందా?

జవాబు: కలపకండమ్మా. ఆ పని నేను చేసి చూశాను. వయొలిన్‌కి మొదటిసారి సొంతంగా 12 నిమిషాల రచన చేసినప్పుడు ఏడు ట్యూన్లు ఒకదాని వెనక ఒకటి పేర్చాను. దేనికదే బాగుందనిపించింది. కచేరీ అయ్యాక మృదంగం వాయించిన పెద్దాయన వాద్యం సంచీలో సర్దుకుంటూ, "మొట్టమొదట వాయించిన ముక్క చెవిలో ఉండిపోయిందమ్మా. మళ్లీ వస్తుందని చివరిదాకా చూశాను, రాలేదు" అన్నారు. ఆ రాత్రే కాగితాలు తీసి ఆరు ట్యూన్లు కొట్టేశాను. మిగిలిన ఒక్కదానితో మొత్తం మళ్లీ రాశాను. నిడివి తొమ్మిది నిమిషాలకు తగ్గింది. ఇప్పటికీ కచేరీల్లో వాయిస్తున్నది అదే.

పాటలో మాటలు చేసే పనిని వాద్యసంగీతంలో వినేవాళ్ల జ్ఞాపకం చేస్తుంది. ముందు ఒక స్వరాల గుంపు వాళ్ల మనసులో నాటుకోవాలి. తర్వాత దానికి దూరంగా వెళ్లాలి. మళ్లీ వచ్చినప్పుడు "ఇదిగో, వచ్చింది" అనిపించాలి. కాబట్టి "తర్వాత కొత్తగా ఏం వాయించాలి" అని అడగకండి. "ఇప్పుడు వాయించినదానిలో ఇంకా ఏముంది" అని అడగండి.

మీరు పంపిన ట్యూన్లలో ఒకటి తీసుకుంటాను. తాళంలో ఎనిమిది లెక్కల్లో ఇలా ఉంది: గ మ పా ని ప మ గ. మొదటి పంచమం (పా) రెండు లెక్కలు, మిగతావి ఒక్కోటి. దీన్ని రెండుసార్లు ఉన్నదున్నట్టు వాయించండి, నాటుకుంటుంది. ఆ తర్వాత మొదటి సగం, గ మ పా మాత్రమే రెండుసార్లు వాయించండి. చెవి మిగతా సగం కోసం చూస్తుంది. ఇప్పుడు అదే ఆకారాన్ని ఒక మెట్టు పైన పెట్టండి (మీ ట్యూనులో రి, ధ లేవు కాబట్టి ప తర్వాతి మెట్టు ని): మ ప నీ స ని ప మ. స్వరాలు మారినా మనిషిని పోల్చుకున్నట్టు పోల్చుకుంటాం. ఇంకోసారి గ మ పా ని దగ్గర ఆపేసి, మూడు లెక్కలు చేతులెత్తేయండి. ఆ మూడు లెక్కల్లో వినేవాళ్లు లోలోపల మిగతాది పాడుకుంటారు. నాకు వీటన్నిటిలోకీ ఇష్టమైంది ఇంకొకటుంది. ఒక లెక్క ఖాళీ వదిలి, రెండో లెక్కలో మొదలుపెట్టండి. ఒక్క స్వరం కూడా మార్చలేదు, కానీ అంతకుముందు ఆవృతంలోనే, అంటే ఎనిమిది లెక్కల చుట్టులోనే, ముగిసిపోయిన చివరి గాంధారం (గ) ఇప్పుడు తర్వాతి సమం మీద, అంటే తర్వాతి చుట్టు మొదటి లెక్క మీద వచ్చి పడుతుంది. అంతదాకా నిలబడి ఉన్న ట్యూను అక్కడ నడక మొదలుపెడుతుంది. కీబోర్డు ముందు కూర్చుని చేసి చూడండి, చదివితే తెలియదు.

వీటితోనే రెండు నిమిషాలు వస్తాయి. కొత్త ట్యూను అక్కర్లేదు. 1808లో తొలిసారి వాయించిన బీథోవెన్ ఐదో సింఫనీ మొదటి భాగమంతా మూడు పొట్టి, ఒక పొడుగు స్వరాలున్న గుంపు మీదే నడుస్తుంది. మూడో భాగంలో హారన్లు కూడా ఆ లయనే అందుకుంటాయి.

తిరిగి రావడం గురించి నాకు కర్ణాటక సంగీతంలోని వర్ణం అనే రచన నేర్పినంత మరేదీ నేర్పలేదు. దాని రెండో సగంలో చరణం ఎత్తుకున్నాక ఒక్కో ఎత్తుగడ స్వరం (చరణానికి జతగా వచ్చే స్వరాల వరస) వాయించి మళ్లీ చరణం దగ్గరికే వస్తాం. మొదటిది పొట్టిగా, దీర్ఘాలతో ఉంటుంది. పోనుపోను స్వరాలు చిక్కబడి, నిడివి పెరుగుతుంది. చరణంలో మార్పు లేదు. అయినా నాలుగోసారి విన్నప్పుడు అది మొదటిసారి విన్న చరణంలా ఉండదు, ఎంత దూరం వెళ్లొచ్చామో ఆ ఊరట దానికి అంటుకుని ఉంటుంది. మీ ట్యూను కూడా చివర్లో అలా వినిపించాలంటే, మధ్యలో నిజంగా దూరం వెళ్లి తీరాలి.

ప్రశ్న: ముందు చట్రం గీసుకుని స్వరాలు నింపాలా, రాస్తూ పోతే చట్రం అదే వస్తుందా?

జవాబు: రెండు రకాలవాళ్లూ ఉన్నారు. జాజ్ వాళ్లకు 12 బార్ల (బార్ అంటే మన ఆవృతం లాంటిది) బ్లూస్, 32 బార్ల రచన లాంటి చట్రాలు సిద్ధంగా ఉంటాయి. అసలు ట్యూను వాయించి, అవే కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) మీద ఒక్కొక్కరూ అప్పటికప్పుడు అల్లుకుంటూ మనోధర్మం చూపించి, మళ్లీ ట్యూనుకు వస్తారు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోని సొనాటా పద్ధతిలో మామూలుగా రెండో ట్యూను మొదట వేరే శ్రుతిలో వినిపిస్తుంది, చివర్లో సొంత శ్రుతికి చేరుతుంది. ఈ ప్రయాణమే ఆ చట్రానికి ప్రాణం. అది గ్రహించకుండా భాగాల పేర్లు బట్టీపట్టి ప్రయోజనం లేదు.

నేనైతే కాగితం మీద ఒక గీత గీసి, మొత్తం నిమిషాలు గుర్తు పెట్టుకుంటాను. ట్యూను ఎక్కడెక్కడ తిరిగి రావాలో, అన్నిటికన్నా పై స్వరం ఎక్కడ రావాలో మాత్రం ముందే తేల్చుకుంటాను. ఆ పై స్వరం ఒక్కచోటే ఉంటుంది. రెండో నిమిషంలోనే తారస్థాయి పంచమం ఖర్చు పెట్టేస్తే ఏడో నిమిషంలో చేతిలో ఏమీ మిగలదు.

ట్యూనును అసలు కదపకుండా కూడా నిర్మాణం చేయవచ్చు. ఫ్రెంచి స్వరకర్త రావెల్ 1928లో ఆర్కెస్ట్రాకు రాసిన 'బొలెరో' దాదాపు పావుగంట సాగుతుంది. రెండే రెండు ట్యూన్లు, అడుగున డ్రమ్ మీద ఒకే దరువు. మారేవి వాద్యాలు, పెరిగేది ధ్వని. ముగింపు దగ్గర మాత్రం ఒక్కసారి శ్రుతి మారుతుంది. అంతసేపు ఒకేచోట ఉండి కదిలాడు కాబట్టే ఆ కాస్త కదలికకు ఒళ్లు జలదరిస్తుంది.

ప్రశ్న: ముగింపు తేలక ప్రతిసారీ వాల్యూమ్ తగ్గించేస్తున్నాను. వేరే దారి ఉందా?

జవాబు: ఉంది. పై ట్యూనునే చూడండి. ఉన్నదున్నట్టు వాయించినప్పుడల్లా గాంధారం మీద ఆగింది, కింది షడ్జమానికి (స) ఒక్కసారీ దిగలేదు. దాన్ని చివరికోసం దాచుకున్నామన్నమాట. ఇప్పుడు పా మ గ స అని ఐదు లెక్కల ముక్క తీసుకోండి. దాన్ని మూడుసార్లు వాయించండి, మధ్యలో ఒక్కో లెక్క ఖాళీ. మూడు ఐదులు 15, ఖాళీలు రెండు, మొత్తం 17. ట్యూను ఎనిమిదేసి లెక్కలది కనుక రెండు ఆవృతాలకు 16. సమంలో మొదలుపెడితే 17వ లెక్క, అంటే మూడోసారి వచ్చే షడ్జమం, సరిగ్గా తర్వాతి సమం మీద వాలుతుంది. మన ముక్తాయింపుల లెక్క ఇదే.

మూడోసారికి వేగం పెంచకండి, వేళ్లు తొందరపెడతాయి. ఆ షడ్జమం మీద వేలు అలాగే ఉంచి, అది దానంతటది ఆరిపోయాక రికార్డింగ్ ఆపండి.