ముందు చావుల లెక్క, తర్వాతే డబ్బుల లెక్క

చిరంజీవి మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

పాడేరులో జాయినయ్యావని, వచ్చే ఏడాది జిల్లా ఆరోగ్య ప్రణాళిక తయారుచేసే బాధ్యత నీకే అప్పగించారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషమమ్మా. ఎదురుగా కూర్చున్న రోగికి ఏం చెయ్యాలో నీకు బాగా తెలుసు. ఇక మీదట నీ ఎదురుగా రోగి ఉండడు, కాగితాలుంటాయి. ఉన్న కాస్త డబ్బు, ఉన్న కొద్దిమంది ఏఎన్ఎంలు, ఉన్న నాలుగు బళ్లు ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అని తేల్చాలి. ఈ పని ఎలా చెయ్యాలో మెడికల్ కాలేజీలో మనకెవరూ సరిగా చెప్పరు. నా సర్వీసు చాలావరకు ఇందులోనే గడిచింది కనక తెలిసింది రాస్తున్నాను.

ఆఫీసుకి వెళ్లగానే గుమాస్తా నీ బల్లమీద పోయినేటి ఫైలు పెడతాడు. ప్రతి పద్దుకీ పది శాతం కలిపి పంపేస్తే పనైపోతుందంటాడు. అతను చెడ్డవాడేం కాదు, అలా పంపితే ఎవరికీ కోపం రాదు, అంతే. ఆ ఫైలు నెల రోజులపాటు పక్కన పెట్టు. ముందు చావుల జాబితా తెప్పించు. పోయిన ఏడాది జిల్లాలో ఐదేళ్లలోపు పిల్లలు ఎవరెవరు పోయారు, ఏ ఊళ్లో, ఎన్నో రోజున, ఇంట్లోనా, డోలీలోనా, ఆసుపత్రికొచ్చాకా? తల్లుల విషయంలోనూ ఇంతే. రిజిస్టర్లలో అన్నీ దొరకవు. పేరైనా పెట్టకముందే పోయిన పసికందుని చాలాచోట్ల ఎక్కడా రాయరు. ఆశాను, అంగన్‌వాడీ టీచరును కూర్చోబెట్టి, ఈ వీధిలో ఎవరు నీళ్లోసుకున్నారు, వాళ్లలో ఎవరి బిడ్డ ఇప్పుడు లేదు అని ఇల్లిల్లూ చెప్పించు. రెండు మండలాల్లో ఇలా చేస్తే చాలు, జిల్లా సంగతి నీకు చాలావరకు అర్థమవుతుంది.

ఇది నా సొంత తెలివి కాదు. 1990ల చివర్లో టాంజానియాలో మొరొగొరో, రుఫిజీ అనే రెండు జిల్లాల్లో అక్కడి ఆరోగ్య శాఖ, కెనడా వాళ్ల సాయంతో ఈ పని పద్ధతిగా చేసింది. మనుషుల్ని ఇంటింటికీ పంపి, మీ ఇంట్లో పోయినవాళ్లు ఎలా పోయారని అడిగించారు. తర్వాత ఆ లెక్కను బడ్జెట్ పక్కన పెట్టి చూశారు. మొరొగొరోలో అకాల మరణాలతో పోతున్న ఆయుష్షులో 30 శాతం మలేరియా వల్లే పోతోంది. 1996 బడ్జెట్‌లో దానికి ఇచ్చింది 5 శాతం! ఎవరూ కావాలని చేసింది కాదు. ఆ రెండు అంకెలూ ఎన్నడూ ఒకే కాగితం మీదికి రాలేదు, అంతే. వచ్చాక దోమతెరలకి, జ్వరం, దగ్గు, విరేచనాలు అన్నిట్నీ కలిపి చూసి పిల్లలకు వైద్యం చేసే శిక్షణకి డబ్బు మళ్లింది. అదనంగా ఖర్చు పెట్టింది మనిషికి ఏడాదికి ఒక డాలరు లోపే. ఐదారేళ్లలో పిల్లల చావులు 40 శాతానికి పైగా తగ్గాయి. అదంతా ఈ లెక్క ఒక్కదాని పుణ్యమే అననుగానీ, లెక్క లేకపోతే ఆ మార్పు మొదలే అయ్యేది కాదు.

ఇక్కడ ఒక పొరపాటు జరగడానికి వీలుంది, జాగ్రత్త. అదే మొరొగొరోలో టీకాలతో ఆగే జబ్బుల వాటా 4 శాతమే, వాటికి పోతున్న డబ్బు మాత్రం 30 శాతం. చూడగానే టీకాల డబ్బు కోసెయ్యాలనిపిస్తుంది. కానీ తట్టు, ధనుర్వాతం తక్కువగా ఉన్నది టీకాలు వేస్తున్నందుకే కదా? రెండేళ్లు ఆపితే తట్టు మళ్లీ వస్తుంది. అందుకని ఈ జబ్బు వల్ల ఎంతమంది పోతున్నారని అడిగి ఊరుకోకు. ఈ పని ఆపేస్తే ఎంతమంది పోతారు, ఈ పనికి ఇంకో లక్ష ఇస్తే ఎంతమంది మిగులుతారు అని కూడా అడుగు. జబ్బు ఎంత పెద్దదన్నది ఒక లెక్క, మనం పెట్టే రూపాయికి తగ్గేదెంత అన్నది ఇంకో లెక్క. రెండూ చూశాకే పద్దు రాయి.

ఈ లెక్కలు వేస్తే నీ ఏజెన్సీలో పైకి తేలే పనుల్లో ఒక్కటీ కొత్తది ఉండదు. విరేచనాలకి ఓఆర్ఎస్, జింకు, ఇంకా దోమతెరలు, మలేరియా కిట్టు, న్యుమోనియాకి అమాక్సిసిలిన్, పుట్టిన బిడ్డను తల్లి గుండెకు ఆనించి వెచ్చగా ఉంచడం, కాన్పయిన వెంటనే నెత్తురు పోకుండా ఆక్సిటోసిన్ ఇంజక్షను. ఇవన్నీ ఇస్తూనే ఉన్నాం కదా అని సమీక్షల్లో చెప్తారు. ఇవ్వడం వేరు, బిడ్డకి అందడం వేరు.

ఓఆర్ఎస్ సంగతే చూడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా ప్రబలి సెలైన్ బాటిళ్లు అయిపోతే, బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన ద్రావణాన్ని డ్రమ్ముల్లో పోసి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. అంటే మందు దొరికింది. కానీ ఊళ్లకు చేరలేదు. 1980 నుంచి పదేళ్లపాటు బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ కార్యకర్తలు బంగ్లాదేశ్‌లో కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లకు నడిచివెళ్లి, చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అరసేరు నీళ్లు ఎలా కలపాలో తల్లుల చేతే చేయించి నేర్పారు. నాకు అన్నిటికన్నా నచ్చింది వాళ్ల జీతం పద్ధతి. ఎన్ని ఇళ్లు తిరిగావని చూసి డబ్బివ్వలేదు. కొన్నాళ్లకు వేరే మనిషి వెళ్లి కొందరు తల్లుల్ని అడిగి, ఎంతమందికి ఎంత బాగా గుర్తుందో దాన్నిబట్టి ఇచ్చారు. నీ ప్రణాళికలో ఎక్కడ "శిక్షణ" అని రాసినా, నేర్చుకున్నవాళ్లకి వచ్చిందో లేదో ఎవరు ఎప్పుడు చూస్తారో కూడా ఆ పక్కనే రాయి.

నువ్వు కూడా సబ్ సెంటరుకి వెళ్లినప్పుడు స్టాకు రిజిస్టరు చూసి వచ్చెయ్యకు. ఆశాను ఒక ప్యాకెట్ కలిపి చూపించమను. లీటరు నీళ్లకి కలపాల్సింది గ్లాసుకి కలిపితే బిడ్డకి మేలు బదులు కీడు జరుగుతుంది. దగ్గుతున్న పిల్లాడుంటే చొక్కా పైకెత్తి, నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టమను. రెండు నెలలు దాటి ఏడాది లోపు బిడ్డకి 50, ఏడాది దాటినవాడికి 40 వస్తే అది వేగమని ఆమె నోటే చెప్పాలి. టీకాల ఫ్రిజ్ దగ్గర ఉష్ణోగ్రత చార్టు చూడు. పొద్దుటా సాయంత్రమూ నెలంతా ఒకే అంకె, ఒకే పెన్నుతో, ఒకే వాలుతో రాసి ఉంటే అది ఒక్క పూటలో నింపింది. కొండమీద కరెంటు పోని నెల ఎక్కడుంటుంది? ఆక్సిటోసిన్ కూడా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిందే. ఎండలో పడి ఉన్న ఇంజక్షను పొడిచినా బాలింతకు నెత్తురు ఆగదు. నీ బడ్జెట్‌లో పేరే కనపడని ఇన్వర్టర్ బ్యాటరీ ఒక తల్లి ప్రాణం కావచ్చు.

పసికందుల గురించి గడ్చిరోలిని చూడు. ప్రాణహితకు ఆవలే, మన ఆసిఫాబాద్ అడవుల్లాంటి అడవులే. అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డను ఇంటికే వెళ్లి చూసే పద్ధతి పెట్టారు. మూడేళ్లలో ఆ ఊళ్లలో పసికందుల మరణాలు, పక్క ఊళ్లతో పోలిస్తే, 62 శాతం తగ్గాయి. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మన ఆశాలు ఇప్పుడు 42 రోజుల్లో ఆరేడుసార్లు బాలింత ఇంటికి వెళ్లడం అక్కణ్నుంచి వచ్చిందే. ఆశా టైము కూడా డబ్బులాంటిదే తల్లీ. కొత్త సర్వే, కొత్త యాప్, కొత్త దినోత్సవం ఏది పెట్టినా అది బాలింత ఇంటికి వెళ్లాల్సిన గంటలోంచే పోతుంది. ఆ ఖర్చు ఏ పద్దులోనూ కనపడదు, నువ్వే గుర్తుపెట్టుకోవాలి.

రిపోర్టులో 90 శాతం అని వస్తుంది. మిగిలిన పది మంది ఎవరని అడుగు. నీ దగ్గర వాళ్లు కొండశిఖర గ్రామాల వాళ్లు, రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి గెడ్డ దాటి నడవాల్సినవాళ్లు. అక్కడికి ఒక టీకా చేర్చడానికి రోడ్డు పక్క ఊరికంటే ఎన్నో రెట్లు అవుతుంది. సగటు ఖర్చు చూపించి, ఇది లాభసాటి కాదని ఎవరో ఒకరు అంటారు. చావుల జాబితా ఆయన ముందు పెట్టు. చావులు ఎక్కువగా ఉన్నవి ఆ పదిమంది ఇళ్లల్లోనే. కాన్పు తేదీకి ముందే గర్భిణిని కిందికి తెచ్చి ఉంచే వసతి గృహానికి, రోగిని రోడ్డుదాకా చేర్చే ఫీడర్ బైకులకి పెట్టే డబ్బు ఈ లెక్కలో ఎప్పుడూ దండగ కాదు.

బీపీ, షుగరు విషయం క్లుప్తంగా చెప్తాను. ఏజెన్సీలోనూ పెరుగుతున్నాయి. పరీక్షల క్యాంపులతో తృప్తి పడకు. నెలనెలా బీపీకి వాడే ఆమ్లోడిపిన్ మాత్రలు సబ్ సెంటరులో దొరికేలా చూడు. మందివ్వలేని స్క్రీనింగు మనిషికి బెంగ తప్ప ఏమీ ఇవ్వదు.

ఇక కష్టమైన మాట. నీ దగ్గరికి పెద్ద యంత్రం కావాలని, కొత్త బిల్డింగు కావాలని వస్తారు. అడిగేవాళ్లలో మంచివాళ్లూ ఉంటారు. ఎవరు నడుపుతారు, పాడైతే ఎక్కణ్నుంచి మనిషి వస్తాడు, నాలుగో ఏడాది జీతం ఎవరిస్తారు అని మర్యాదగానే అడుగు. జవాబు లేకపోతే సంతకం పెట్టకు. డయాలసిస్ అడిగినప్పుడు మాత్రం అంత సులువుగా తేలదు. ఉద్దానంలో కిడ్నీలు పోయిన కుటుంబాలను చూసినవాణ్ని, అది దండగ ఖర్చని నా నోట రాదు. థాయ్‌లాండ్ 2002లో అందరికీ ఆరోగ్య పథకం పెట్టినప్పుడు ఖర్చు మోయలేమని డయాలసిస్‌ను బయట ఉంచింది. లెక్క ప్రకారం అది గిట్టుబాటు కాదని అక్కడి నిపుణులే చెప్పారు. అయినా ఇళ్లూ పొలాలూ అమ్ముకుంటున్నవాళ్లను చూసి 2008లో చేర్చుకున్నారు. పల్లెలో ఉన్నవాళ్లు పొట్టలోకి ద్రవం ఎక్కించి ఇంట్లోనే చేసుకోగలిగే డయాలసిస్‌కి మొదటి స్థానం ఇచ్చారు. నాకు అందులో నచ్చింది, వాళ్లు లెక్కను దాచలేదు. లెక్క ఇది, అయినా ఈ కారణంతో ఇస్తున్నాం అని బయటపెట్టారు. నువ్వూ అలాగే చెయ్యి. లెక్కకు ఎదురు వెళ్లాల్సి వస్తే వెళ్లు. ఎందుకు వెళ్లావో ఫైల్లో రాయి, ఆ డబ్బు దేన్లోంచి తీశావో కూడా రాయి. డయాలసిస్ మంచం మీద ఉన్న మనిషి వచ్చి అడగగలడు. దోమతెర లేక రేపు జ్వరమొచ్చే బిడ్డ ఎవరో ఇవాళ ఎవరికీ తెలియదు. వాడి తరఫున ఆ మీటింగులో మాట్లాడాల్సిన మనిషివి నువ్వే.

కలెక్టరు గారికి, గిరిజనాభివృద్ధి సంస్థ పీవో గారికి ముప్పై పేజీలు చూపించకు. ఒక్క కాగితం చాలు. ఎడమవైపు జిల్లాలో చావులకి కారణాలు, కుడివైపు వాటికి పోతున్న డబ్బు. మిగతా మాటలు వాళ్లే అడుగుతారు.

ముసాయిదా తయారయ్యాక పై ఆఫీసుకి పంపేముందు నాకూ ఒక కాపీ పంపు. ఏమేం పెట్టావో ఆ పట్టిక తీరిగ్గా చూస్తాను. ముందుగా మాత్రం, ఎవరెవరు అడిగినవి పక్కన పెట్టావో, ఏ కారణం చెప్పావో ఆ జాబితా పంపు. దాని మీద కూర్చుని మాట్లాడుకుందాం.

ఇట్లు
మీ పెదనాన్న