ఇన్సులిన్ వాడే అమ్మతో జూలైలో మాల్టా వెళ్లవచ్చా?

ప్రశ్న: మా అమ్మ వయసు 62. 12 ఏళ్లుగా షుగర్ ఉంది. ఉదయం, రాత్రి ఇన్సులిన్, ఒక బీపీ మాత్ర తీసుకుంటుంది. అరికాళ్లు మొద్దుబారినట్టు ఉంటున్నాయంటుంది. తమ్ముడు మాల్టాలో ఉద్యోగం చేస్తున్నాడు. జూలైలో రెండు వారాలు అక్కడికి తీసుకువెళ్లాలనుకుంటున్నాం. వెళ్లవచ్చా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తప్పకుండా తీసుకువెళ్లండి. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఇన్సులిన్ కాదు, మొద్దుబారిన అరికాళ్లు. దాని గురించి తర్వాత వివరంగా చెబుతాను.

ముందు మందుల సంచి. ఇన్సులిన్, సూదులు, షుగర్ చూసే స్ట్రిప్పులు, మాత్రలు అన్నీ చేతి సంచిలోనే ఉండాలి. లగేజీలో వేస్తే పెట్టె తప్పిపోవచ్చు, విమానం అడుగున చలికి ఇన్సులిన్ గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. రెండు వారాలకు సరిపోయేవి కాకుండా నాలుగు వారాలకు సరిపడా తీసుకెళ్లండి. ప్రిస్క్రిప్షన్‌లో మందుల అసలు (జెనెరిక్) పేర్లు రాయించండి. మన బ్రాండు పేర్లు చెబితే అక్కడి ఫార్మసీలో తెలియకపోవచ్చు. ఆదివారం అన్ని మందుల షాపులూ తెరవరు, వంతుల వారీగా కొన్నే ఉంటాయి.

జూలైలో మాల్టా సమయం మనకన్నా మూడున్నర గంటలు వెనుక. ప్రయాణం రోజు అంత మేర సాగుతుంది. ఉదయం మోతాదు ఇక్కడి వేళకు, రాత్రి మోతాదు అక్కడి భోజనం వేళకు వేసుకుంటే చాలామందికి సరిపోతుంది. మోతాదు మార్చాలా అన్నది మాత్రం మీ డాక్టరునే అడగండి. విమానంలో భోజనం ఎదురుగా వచ్చాకే సూది వేసుకోమనండి. పళ్లెం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. నాలుగు గ్లూకోజ్ బిళ్లలు, ఒక బిస్కెట్ ప్యాకెట్ ఆమె చేతికి అందేలా ఉంచండి.

ఇక ఎండ. అక్కడ జూలైలో 30 డిగ్రీలు దాటడం మామూలు. గుంటూరు వేసవి చూసినవారికి ఇదేమంత అనిపిస్తుంది. కానీ గుంటూరులో అమ్మగారు మధ్యాహ్నం ఇంట్లో ఉంటారు, అక్కడ ఊరు చూడటానికి బయట తిరుగుతారు. 12 నుంచి 4 వరకు నీడపట్టునే ఉండండి. బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ పోయించే మందు ఉందేమో చూపించుకోండి, ఉంటే ఎండలో ఒళ్లు త్వరగా ఎండిపోతుంది. అక్కడి కుళాయి నీళ్లు తాగవచ్చు. చాలావరకు సముద్రపు నీటిని శుద్ధి చేసినవే కాబట్టి కాస్త ఉప్పగా అనిపిస్తాయి.

ఇప్పుడు అరికాళ్లు. ఎండాకాలంలో గుడి ప్రాంగణాల్లో వట్టి కాళ్లతో ప్రదక్షిణ చేసి, బొబ్బలు లేచినా తెలియక, నాలుగు రోజుల తర్వాత పుండుతో వచ్చే షుగర్ రోగులను ఏటా చూస్తుంటాను. మాల్టా తీరం చాలాచోట్ల ఇసుక కాదు, ఎండకు కాలే సున్నపురాయి. నీళ్లలో దిగేటప్పుడు కూడా రబ్బరు బూట్లు తీయకూడదు. కొమినో దీవిలోని బ్లూ లగూన్ అనే నీలి నీళ్ల చోటు చూడాలని అందరికీ ఉంటుంది, కానీ అక్కడ నీడ తక్కువ, ఆసుపత్రి లేదు. అమ్మగారికి పొద్దున్నే చూపించి వచ్చేయండి. రాజధాని వలెట్టా వీధులు ఏటవాలు, రాళ్లు నున్నగా అరిగి జారతాయి. రేవు నుంచి అప్పర్ బరాక్కా తోటకు లిఫ్టు ఉంది, మెట్లెక్కించకండి. ప్రతి రాత్రీ ఆమె అరికాళ్లను, వేళ్ల సందులను మీరే చూడండి.

తిండి విషయంలో రెండు మాటలు. పాస్టిట్సీ అనే పొరల పిండివంట మైదాతో చేసినది, ఒకటి చాలు. పశువుల నుంచి సోకే బ్రూసెల్లోసిస్‌ను మాల్టా జ్వరమని కూడా అంటారు, అది అక్కడి మేకపాల వల్ల వస్తోందని 1905లో మాల్టా వైద్యుడు థెమిస్టోక్లెస్ జామిట్ కనుగొన్నారు. ఇప్పుడు దుకాణాల్లో పాశ్చరైజ్ చేసిన పాలే దొరుకుతాయి, పల్లెల్లో పచ్చిపాల జున్ను ఎవరైనా ఇస్తే మాత్రం వద్దనండి.

మాల్టా వెళ్లడానికి కావలసిన షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి) వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తీసుకోవాలి. పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో ఇప్పుడే చదవండి. అత్యవసరానికి 112. పెద్ద ఆసుపత్రి మ్సీడాలోని మాటర్ డే. అక్కడ ఇంగ్లిష్‌లో మాట్లాడవచ్చు.

బయలుదేరడానికి నెల ముందు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష), పాదాల పరీక్ష చేయించండి. నడక బూట్లు కూడా అప్పుడే కొని, రోజూ కాసేపు ఇంట్లో వేసుకుని నడవమనండి.