వ్యాపారం పెట్టే ఊపు ఒక్కో దేశంలో ఒక్కోలా ఎందుకుంటుంది?

"కొన్ని దేశాల జనానికి తెగువ ఎక్కువ" అని చాలామంది తేల్చేస్తారు. నాకది సగం నిజమే అనిపిస్తుంది. తెగువ కన్నా ముందు చూడాల్సింది, మునిగితే ఏమవుతుందన్నది. అమెరికాలో దివాలా చట్టంలోని చాప్టర్ 7 కింద వ్యక్తిగత దివాలా కేసు మామూలుగా కొన్ని నెలల్లో తేలిపోతుంది. చాలావరకు అప్పులు రద్దయి, మనిషి మళ్లీ మొదలుపెట్టొచ్చు. జర్మనీలో అదే విముక్తికి మొన్నమొన్నటిదాకా సాధారణంగా 6 ఏళ్లు ఆగాలి. 2020 సంస్కరణతో 3 ఏళ్లకు తగ్గింది. ఉద్యోగం వదలాలా వద్దా అని లెక్కేసుకునేవాడికి ఇది చిన్న తేడా కాదు.

తర్వాత కాగితాల పని. 1980ల్లో ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో బృందం పెరూ రాజధాని లిమాలో బట్టలు కుట్టే చిన్న కార్ఖానాను చట్టప్రకారం రిజిస్టర్ చేయించి చూసింది. 289 రోజులు పట్టింది! అలాంటిచోట జనం వ్యాపారం మానేయరు, అనుమతుల్లేకుండా చేస్తారు. కానీ బ్యాంకు అప్పివ్వదు, ఎవరైనా డబ్బు ఎగ్గొడితే కోర్టుకెళ్లడం కష్టం. దాంతో కార్ఖానా నాలుగు మిషన్ల దగ్గరే ఆగిపోతుంది.

పెట్టుబడి సంగతీ అంతే, అదీ నిబంధనలను బట్టే ఉంటుంది. 1979లో అమెరికా నిబంధనలు సడలించాక పెన్షన్ నిధుల డబ్బు, కొత్త కంపెనీల్లో వాటా తీసుకుని పెట్టే పెట్టుబడి అయిన వెంచర్ క్యాపిటల్‌లోకి పెద్దఎత్తున వచ్చింది.

అన్నట్టు, సొంత వ్యాపారాలు ఎక్కువున్నంత మాత్రాన ఆ దేశం ముందున్నట్టు కాదు. స్వయం ఉపాధి పేద దేశాల్లోనే ఎక్కువ. అక్కడ చాలామంది ఆలోచన తట్టి కాదు, జీతం ఇచ్చే ఉద్యోగం దొరక్క కొట్టు తెరుస్తారు.