మినిమమ్ కడుతున్నా కార్డు బాకీ ఎందుకు తగ్గట్లేదంటే

మీ జీతం 38 వేలు, క్రెడిట్ కార్డు బాకీ 60 వేలు, నెలనెలా 3 వేలు మినిమమ్ (బ్యాంకు అడిగే కనీస మొత్తం) కడుతున్నా తగ్గట్లేదని మీరన్నారు. తగ్గదండీ. నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 2,100, దాని మీద 18 శాతం జీఎస్టీ 378. మీరు కట్టిన మూడు వేలలో అసలుకు జమయ్యేది 522 రూపాయలే. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

అందుకే ముందు కార్డు పక్కన పెట్టేయండి. షాపింగ్ యాప్‌లలో సేవ్ అయిన నంబరు కూడా తీసేయండి (నేను అక్కడే చాలాసార్లు జారాను).

ఇంట్లో ఒప్పుకుంటే కొంచెం బంగారం బ్యాంకులో తాకట్టు పెట్టి కార్డు బాకీ ఒక్కసారే తీర్చేయండి. ఏడాదికి 10 శాతం వడ్డీకి దొరికితే, మొదటి నెల వడ్డీ 500. అదే 3 వేలు కడుతూ పోతే సుమారు 22 నెలల్లో మొత్తం తీరిపోతుంది. విడతలుగా కట్టుకోనిస్తారో లేదో ముందే అడగండి. బంగారం లేకపోతే బాకీని ఈఎంఐగా మార్చమని కార్డు బ్యాంకునే అడగొచ్చు.

లోన్ యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. ఖర్చులకు వేరే అకౌంట్ పెట్టుకుని, జీతం రాగానే ఆ నెలకు సరిపడా అందులో వేసి, యూపీఐ దానికే కలపండి.